మంచు తుఫానుకి మోండా మూట

ప్రశ్న: మా అమ్మాయి వాళ్ళు అమెరికాలో బఫెలోలో ఉంటారు. క్రిస్మస్‌కి మంచు తుఫానొస్తే ఇల్లు కదలలేరట. మోండా మార్కెట్లో ఏం కొని పంపను?
– ఒక తల్లి, సికింద్రాబాద్

జవాబు: పొయ్యితో పనిలేనివి కొనండమ్మా. అటుకులు, పుట్నాలు, కరివేపాకు పొడి. కరెంటు పోయినా గుప్పెడు అటుకులు తడిపి, పొడి చల్లుకుంటే పిల్లల కడుపు నిండుతుంది. మటన్ పచ్చడి వద్దు, అక్కడి కస్టమ్స్ వాళ్ళు మాంసం రానివ్వరు.

2022 డిసెంబరు 23న బఫెలోలో మొదలైన తుఫాను 37 గంటలు ఊపిరి తీసుకోనివ్వలేదు. ఆ ప్రాంతంలో 40 మందికి పైగా పోయారు. కొందరు కార్లలో చిక్కుకుని, కొందరు వేడి లేని ఇళ్ళలోనే. పండగ కేకు కోసమైనా సరే, కారు తీయొద్దనండి.

చలికి తాళలేక బొగ్గుల గ్రిల్ ఇంట్లో వెలిగిస్తారేమో, అదే నా భయం. దాన్నుంచి వచ్చే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కి వాసనుండదు. కుళాయి మాత్రం సన్నగా కారనివ్వాలి. లేకపోతే నీళ్ళు గడ్డకట్టి పైపు పగులుతుంది.