పెరట్లో ఎత్తు మడి: నల్లరేగడికి మేలు, చల్కకు భారం

రోహిణి ఎండలు ముగింపుకు వచ్చాయి. మిరుగం చినుకు కోసం గుంతలు తవ్వి సిద్ధం చేసుకునే రోజులివి. కరీంనగర్, జగిత్యాల, నిర్మల్, మంచిర్యాల చుట్టుపక్కల కొత్తగా ఇల్లు కట్టుకున్నవాళ్ళు ఇటీవల పెరట్లో ఇటుకలతో గోడ లేపి, రెండడుగుల ఎత్తున మట్టి నింపి, అందులోనే జామ, దానిమ్మ, నిమ్మ, మామిడి అన్నీ నాటేస్తున్నారు. ఎత్తు మడి కడితే మొక్క బతికినట్టేనన్న నమ్మకం బలపడింది. ఆ నమ్మకంలో సగమే నిజం. ఎత్తు మడి చేసే అసలు పని వేళ్ళ దగ్గర నీళ్ళు నిలవకుండా చూడటం. నీళ్ళు నిలిచే నేలలో అది మొక్కను కాపాడుతుంది. నిలవని నేలలో అదే మడి మొక్కను ఎండబెడుతుంది. ఈ రెండు రకాల నేలలూ మన ఉత్తర తెలంగాణలో పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి పక్కింటివాళ్ళ మడి చూసి మనమూ కట్టుకుంటే లెక్క తప్పుతుంది.

ముందు నల్లరేగడి సంగతి. పెన్‌గంగ వైపు జైనథ్, బేల మండలాల్లో లోతైన నల్లనేలలున్నాయి. ఉమ్మడి ఆదిలాబాద్‌లో ఏడాదికి సుమారు వెయ్యి మిల్లీమీటర్ల వాన పడుతుంది. అందులో చాలా భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే కురుస్తుంది. నల్లరేగడిలోని సన్నని బంకమన్ను తడిస్తే ఉబ్బుతుంది, సందులు మూసుకుపోతాయి, ఆ తర్వాత పడిన నీరు లోపలికి ఇంకడం దాదాపు ఆగిపోతుంది. వేరుకు నీరెంత అవసరమో గాలీ అంతే అవసరం. 2022 జూలైలో కడెం ప్రాజెక్టుకు ప్రమాదం వచ్చి దిగువ ఊళ్ళను ఖాళీ చేయించిన రోజుల్లో కురిసినట్టు వారం పాటు ముసురు పడితే, చదునుగా ఉన్న రేగడి పెరట్లో బొప్పాయి మిగలడం కష్టం. ఒకటి రెండు రోజులు మొదట్లో నీళ్ళు నిలిస్తే చాలు, దాని కాండం అడుగు నుంచి కుళ్ళుతుంది. నిమ్మ అంత త్వరగా చావదు గానీ మొదలు తడిగా ఉంటే బంక తెగులు పట్టి రెండు మూడేళ్ళలో కొమ్మ కొమ్మా ఎండిపోతుంది. ఇలాంటి చోట మొక్కను నేల మట్టం కంటే పైన నిలబెట్టడం తప్పనిసరి.

రేగడిలో ఇంకో చిక్కుంది, దాన్ని చాలామంది గమనించరు. మూడడుగుల గుంత తవ్వి, ఇసుక, ఎర్రమట్టి, పెంట కలిపి నింపమని పుస్తకాల్లో ఉంటుంది. చుట్టూ నీరు దిగని బంకమన్ను, నడుమ గుల్లగా ఉన్న మట్టి ఉంటే చుట్టుపక్కల వాన నీరంతా ఆ గుంతలోకే చేరి బయటికి పోయే దారి లేక అక్కడే నిలుస్తుంది. మొక్క నీళ్ళతొట్టిలో నిలబడ్డట్టే. కాబట్టి రేగడిలో లోతు గుంత వద్దు. అడుగు, అడుగున్నర లోతున నేలను గుల్ల చేసి, అదే మట్టిలో బాగా మాగిన పశువుల ఎరువు కలిపి, అడుగు నుంచి అడుగున్నర ఎత్తు, నాలుగైదు అడుగుల వెడల్పు ఉన్న దిబ్బగా పోయాలి. పక్కలు వాలుగా ఉండాలి, నడినెత్తిన మొక్క నాటాలి. దీనికి ఇటుక అక్కర్లేదు, సిమెంటు అక్కర్లేదు. దిబ్బల మధ్య నుంచి నీరు వీధి కాలువ దాకా పోయే చిన్న సాలు ఒకటి తీయాలి. సాలు లేకుండా ఎత్తు ఒక్కటే పెంచినా ఫలం లేదు.

ఇక చల్క నేల. సిరిసిల్ల, వేములవాడ, హుజూరాబాద్ వైపు ఎర్ర చల్కలు, దుబ్బ నేలలు ఎక్కువ. పడిన నీరు గంటల్లో దిగిపోతుంది, తేమ నిలుపుకునే శక్తి తక్కువ. అలాంటి మట్టిని మళ్ళీ రెండడుగులు పైకి లేపితే ఏమవుతుంది? నీరు ఇంకా వేగంగా జారుతుంది, నాలుగు పక్కలా ఎండ తగులుతుంది. ఏప్రిల్, మేలో రామగుండం, జగిత్యాల ప్రాంతంలో 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. ఆ ఎండకు ఇటుక గోడ కాగి, గోడను ఆనుకున్న వేళ్ళు మాడతాయి. ఖర్చు కూడా చూడండి. మూడు మీటర్ల పొడవు, మీటరు వెడల్పు, 45 సెంటీమీటర్ల ఎత్తు మడికి 1.35 ఘనపు మీటర్ల మట్టి కావాలి, అంటే దాదాపు సగం ట్రాక్టరు ట్రాలీ. అంత మట్టి పోసి, ఆపైన వేసవంతా పూటపూటా నీళ్ళు పోయడం కంటే, చల్కలో మడిని నాలుగైదు అంగుళాలు పల్లంగా చేసి చుట్టూ గట్టు వేయడం మేలు. పడిన వాన అక్కడే ఆగుతుంది.

ఎత్తు మడికి గోడ అక్కర్లేదన్న మాటకు మన పొలాలే సాక్ష్యం. మెట్‌పల్లి, కోరుట్ల పసుపు రైతులు దుంపకుళ్ళు భయంతో ఎత్తు మళ్ళకు, డ్రిప్పుకు మళ్ళారు. కానీ అవి అడుగుకు అటూ ఇటూ ఎత్తున్న మట్టి మళ్ళు, వాటికి గోడలుండవు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ నల్లరేగడుల కోసం రూపొందించిన వెడల్పు గట్టు, కాలువ పద్ధతిలో కూడా మీటరన్నర వెడల్పులో మీటరు దాకా మడి, మిగతాది కాలువ. మడి ఎత్తు జానెడు లోపే. రేగడిలో పంట నిలబడటానికి అంత ఎత్తు, పక్కన పారే కాలువ చాలినప్పుడు పెరట్లో రెండడుగుల గోడ ఎందుకు?

మీ పెరడు ఏ కోవలోకి వస్తుందో ఊరి పేరు చూసి తేల్చకూడదు. కరీంనగర్‌లోనూ రేగడి తునకలున్నాయి, ఆదిలాబాద్‌లోనూ ఎర్రనేలలున్నాయి. రెండడుగుల గుంత తవ్వి నిండా నీళ్ళు పోసి ఇంకనివ్వండి. మళ్ళీ నింపండి. రెండోసారి పోసిన నీరు మర్నాటికీ మిగిలి ఉంటే దిబ్బ కావాలి. రెండు మూడు గంటల్లో దిగిపోతే పల్లపు మడి చాలు. మధ్యస్థంగా ఉంటే నాలుగైదు అంగుళాల ఎత్తు సరిపోతుంది. కాకతీయ కాలువ కింద జాలు పట్టే ఇళ్ళస్థలాలకు మాత్రం ఈ లెక్క చాలదు. అక్కడ మట్టి ఎర్రదైనా కాలువ పారే నెలల్లో అడుగు నుంచి నీరు పైకి వస్తుంది. ఆ నెలల్లో గుంత తవ్వి చూసి, దిబ్బ వేసుకోవాలి. రేగడి గుంతలో తెల్లని సున్నపు గులకలు కనిపిస్తే నిమ్మ, బత్తాయి జోలికి పోవద్దు. ఇనుము అందక ఆకులు పాలిపోతాయి.

మొక్కల ఎంపిక దీని తర్వాతే. రేగడికి మొదటి పేరు జామ. కొద్ది రోజులు నీళ్ళు నిలిచినా, ఎండ కాసినా తట్టుకుంటుంది. అలహాబాద్ సఫేదా, ఎల్-49 రెండూ పెరటికి పనికొస్తాయి. ఏటా కొమ్మలు కత్తిరిస్తే ఆరేడు అడుగుల్లోనే ఉంచుకోవచ్చు. రేగు, నేరేడు కూడా రేగడికి ఓర్చుకుంటాయి గానీ నేరేడు పెద్ద చెట్టు, ఇంటికి దూరంగానే ఉండాలి. బొప్పాయి ఏ నేలలోనైనా దిబ్బ మీదే నాటాలి. చల్కకు, మొరం నేలకు సీతాఫలం సాటిలేనిది. ఆదిలాబాద్ అడవుల్లో ఎవరూ నీళ్ళు పోయకుండానే కాసే పండు అది. పెరటికి బాలానగర్ రకం తెచ్చుకోండి. నిమ్మ, దానిమ్మ, ఉసిరి కూడా చల్కలోనే సుఖంగా ఉంటాయి. మామిడి మీద మనకున్న మక్కువ తెలిసిందే. ఢిల్లీ దాకా పోయే జగిత్యాల బంగినపల్లి ఇంటి ముందే కాయాలని ఎవరికుండదు? కానీ ఆ చెట్టుకు పాతికడుగుల జాగా కావాలి. చిన్న పెరటికి దశేరి, నీలం కలయికతో పుట్టిన ఆమ్రపాలి మేలు. ఎనిమిదడుగుల దూరంలోనే నాటవచ్చు, ఏటా కాస్తుంది. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు డిసెంబరు, జనవరి రాత్రుల్లో చలి పది డిగ్రీల కిందికి దిగుతుంది. అరటి, బొప్పాయి ఎదుగుదల ఆ నెలల్లో మందగిస్తుంది, కాయ తీపెక్కదు. అక్కడ వాటినే నమ్ముకోకుండా జామకు, సీతాఫలానికి ఎక్కువ చోటివ్వాలి.

గోడ కట్టిన మడిలో కలుపు తక్కువ, వంగే బాధ ఉండదు అనేవాళ్ళున్నారు. నిజమే. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు ఆకుకూరలకు, కూరగాయలకు అలాంటి మడి ఒకటి కట్టుకోవడంలో తప్పు లేదు. అడుగున గచ్చు చేయకుండా నేలకు తెరిచి ఉంచి, వేసవిలో వరిగడ్డినో సోయా పొట్టునో మందంగా పరిస్తే చాలు. ఇరవై ఏళ్ళు బతకాల్సిన పండ్ల చెట్టును మాత్రం ఆ పెట్టెలో బిగించవద్దు. చెరువు మట్టి మంచిదే కదా, దాంతోనే నింపుతామంటారు కొందరు. చల్కలో అది బంగారమే, పల్లపు మడిలో నాలుగో వంతు కలపండి. రేగడిలో మాత్రం బంకకు బంక తోడవుతుంది, వద్దు. అన్నిటికంటే బలమైన అభ్యంతరం కోతులది. నిర్మల్ జిల్లా చించోలిలో 2020లో కోతుల పునరావాస కేంద్రం తెరిచారంటేనే బెడద ఎంతటిదో తెలుస్తుంది. కోతులు రోజూ తిరిగే ఊళ్ళో జామ, అరటి నాటి పండ్లు తింటామనుకోవడం కష్టమే. అలాగని పెరడు వదిలేయనక్కర్లేదు. అక్కడ నిమ్మ, ఉసిరి, వాక్కాయ వంటి పుల్లని కాయలకు ముందు చోటిచ్చి, కూరగాయల మడికి వల పందిరి వేసుకోవాలి. జామ కావాలంటే చెట్టును పొట్టిగా కత్తిరించి, కాయ దశలో వల కప్పాలి.

ఈ పది రోజుల్లో గుంత పరీక్ష ముగించి, దిబ్బలో మడులో సిద్ధం చేసుకోండి. 90 కిలోల మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండికి రెండు కిలోల ట్రైకోడెర్మా కలిపి, నీడలో తడి ఆరకుండా వారం పది రోజులుంచి ప్రతి గుంతకూ కొంత వేస్తే వేరుకుళ్ళు బెడద తగ్గుతుంది. ఎర్రనేలల్లో చెదలున్నచోట పచ్చి పెంట అసలు వేయవద్దు. నేల బాగా తడిశాకే నాటండి. అంటు కట్టిన ముడి మట్టికి నాలుగు వేళ్ళ పైన ఉండాలి, ముడి కింద వచ్చే చిగుర్లను ఎప్పటికప్పుడు గిల్లేయాలి. వీధుల్లో బండి మీద తెచ్చి అమ్మే పేరులేని అంట్ల కంటే ప్రభుత్వ ఉద్యాన నర్సరీలో, కృషి విజ్ఞాన కేంద్రంలో రకం అడిగి తెచ్చుకోండి. సందేహముంటే జమ్మికుంట, రామగిరిఖిల్లా, బెల్లంపల్లి, ఆదిలాబాద్ కేంద్రాల్లోనో జగిత్యాల పొలాస పరిశోధనా స్థానంలోనో అడగండి, పోయేటప్పుడు మీ పెరటి మట్టి నమూనా వెంట తీసుకెళ్ళండి.