కొన చూసి కొనాలి

పెళ్లికూతుళ్లకు మేకప్ చేసే పిల్లలు ఈ మధ్య జపాన్ బ్రష్షుల గురించి తెగ అడుగుతున్నారు. ఫోన్లో ఫొటో చూపించి, "ఆంటీ, ఇది కొనమంటారా?" అంటారు. ఆ ఫొటోలో కనబడేది పిడి. ఎర్ర లక్క పూత, బంగారు రంగు తొడుగు, మీద సన్నగా పేరు. మనం డబ్బు పెట్టేది కుచ్చుకి. దాని మంచిచెడ్డలు ఏ ఫొటోలోనూ తెలియవు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది కాబట్టి, నా అనుభవంలో తేలినవి వరసపెట్టి రాస్తున్నాను. చదువుకో అమ్మాయీ, తర్వాత నీ ఇష్టం.

1. ముందు ఊరి పేరు అడుగు.

హిరోషిమా నగరంలో బస్సెక్కితే గంటలోపే కుమనో అనే చిన్న పట్టణం వస్తుంది. చుట్టూ కొండలు. రైలు స్టేషన్ లేదు. జనాభా సుమారు 24 వేలు, అందులో రెండున్నర వేల మంది దాకా బ్రష్షుల పనిలోనే ఉన్నారు. జపాన్లో తయారయ్యే బ్రష్షుల్లో దాదాపు 80 శాతం ఈ ఒక్క ఊరివే.

సేద్యం ఒక్కటే చాలక ఇక్కడి రైతులు పంట పనులు లేని నెలల్లో నారా వైపు కూలికి వెళ్లేవాళ్లు. తిరిగొచ్చేటప్పుడు అక్కడి రాత కుంచెలు, సిరా కొని దారి పొడుగునా అమ్ముకుంటూ వచ్చేవాళ్లు. అమ్ముతూ అమ్ముతూ చేయడం నేర్చుకున్నారు. ఇది 19వ శతాబ్దం మొదటి సగం నాటి మాట. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక బడుల్లో కుంచెతో రాసే పాఠం ఆగిపోయింది, గిరాకీ పడిపోయింది. అప్పుడు వాళ్లు చిత్రకారుల కుంచెల వైపు, మేకప్ బ్రష్షుల వైపు మళ్లారు. హకుహోదో, చికుహోదో, కొయుదో అని మీరు వినే పేర్లన్నీ ఆ ఊరివే.

ఈ చరిత్ర ఎందుకు చెబుతున్నానంటే, రాత కుంచెకి ప్రాణం దాని కొన. కొన లేకపోతే అక్షరం తీరు చెడుతుంది. తరాలపాటు కొనని కాపాడటం మరిగిన చేతులే ముఖానికి వాడే బ్రష్షులు చేయడం మొదలుపెట్టాయి. ఆ ఊరి బ్రష్షుకి ఇంత పేరెందుకు అంటే నా దృష్టిలో ఇదే అసలు కారణం. 2011లో జపాన్ ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టు ప్రపంచ కప్పు గెలిస్తే, అక్కడి ప్రభుత్వం జాతీయ గౌరవ పురస్కారంతో పాటు ఆటగత్తెలకు కుమనో మేకప్ బ్రష్షుల సెట్టు బహుమతిగా ఇచ్చింది. బంగారం ఇవ్వలేదు, బ్రష్షులిచ్చారు!

ఒక జాగ్రత్త. డబ్బా మీద జపాన్ అని ఉన్నంత మాత్రాన కుమనోది అయిపోదు. జపాన్ తరహా, జపాన్ డిజైన్ అని రాసి ఎక్కడో చేయించినవి బోలెడు ఉన్నాయి. ఎక్కడ తయారైందో స్పష్టంగా రాయనిదాన్ని అక్కడే పెట్టేసిరా.

2. వెంట్రుక కొన తెగిందా లేదా, అది చూడు.

ఇక్కడ కాసేపు ఆగు, ఇదే అన్నిటికన్నా పెద్ద పాఠం.

తిరుపతిలో గుండు చేయించుకున్నవాడి తల నాలుగు రోజుల తర్వాత నిమిరి చూడు. అరచేతికి గుచ్చుకుంటుంది. అదే తల, అదే వెంట్రుక. కానీ కత్తి పడ్డ చోట మొన పోయి మొద్దుగా మిగిలింది. చవక బ్రష్షులు చాలావరకు ఇంతే. వెంట్రుకల్ని కట్టగా బిగించి, పైన కత్తెరతో గుండ్రంగానో వాలుగానో కోసేస్తారు. చూడటానికి ఆకారం చక్కగా ఉంటుంది. చెంప మీద పెట్టగానే గరగర.

మంచి జపాన్ బ్రష్షులో ఆకారం కత్తెర నుంచి రాదు. వెంట్రుకల కొనలన్నీ కిందికి పెట్టి చెక్క అచ్చులో వేస్తారు. ఆ అచ్చుని కొమ అంటారు. మెల్లగా తడుతూ ఉంటే వెంట్రుకలు ఒకదాని పక్కన ఒకటి సర్దుకుని, అచ్చు లోపలి గుంట ఆకారానికి వస్తాయి. అప్పుడు మొదలు దగ్గర దారంతో కట్టి తొడుగులో బిగిస్తారు. కోసి తీసేది ఏదన్నా ఉంటే అడుగు భాగం నుంచే, పైన కొన జోలికి వెళ్లరు. దీనికి ముందు కొన విరిగినవి, తలకిందులుగా దూరినవి చిన్న కత్తి అంచుకి ఆనించి వేలితో తడుముతూ ఏరిపారేస్తారు. కళ్ల కన్నా వేళ్లకే ఎక్కువ పని. రాత కుంచెల వాళ్లయితే వెంట్రుకల జిడ్డు వదలడానికి వరి ఊక బూడిద చల్లి, జింక తోలులో చుట్టి నలుపుతారు. ఊక బూడిదతో అంట్లు తోమిన తరం మాది, జిడ్డు సంగతి మాకు ఒకళ్లు చెప్పాలా.

నువ్వు పరీక్ష చేసే పద్ధతి చెబుతాను. బ్రష్షుని వెలుతురుకి అడ్డంగా పట్టుకో. తెల్ల మేక వెంట్రుక అయితే కొస దగ్గర సన్నబడి, దాదాపు పారదర్శకంగా కనబడాలి. పైభాగం అంతా ఒకే మందంతో, కోసిన అంచులా కనబడితే కత్తెర పడిందన్నమాట. తర్వాత కుచ్చుని చెంప మీద నిలువుగా ఆనించి సున్నితంగా తిప్పు. అరచేతి చర్మం మొరటు, దాన్ని నమ్మకు.

3. మెత్తగా ఉందని మురిసిపోకు.

జపాన్ బ్రష్షు మొదటిసారి పట్టుకున్న ప్రతి పిల్లా "అబ్బ, ఎంత మెత్తగా ఉందో!" అంటుంది. అందుకే అందరూ ఉడుత వెంట్రుకదే కావాలంటారు. బూడిద రంగు ఉడుత వెంట్రుక అన్నిటికన్నా మెత్తనిదీ, ఖరీదైనదీ. మెత్తనిది కాబట్టి దానికి బిగువు తక్కువ, అదిమితే లొంగిపోతుంది. పొడిని తక్కువ ఎత్తుతుంది, చర్మం మీద పల్చటి తెరలా వేస్తుంది. చివర్లో వేసే లూజ్ పౌడర్‌కి, హైలైటర్‌కి, ఎక్కువ రంగు దిగే బ్లష్‌కి అది అద్భుతం. గట్టిగా ఒత్తి నింపిన కాంపాక్ట్ మీద దాన్ని రుద్దితే పొడి రాదు, వెంట్రుకలు మాత్రం విరుగుతాయి.

మన పెళ్లిళ్ల సంగతి ఆలోచించు. చామనఛాయ ముఖం. తెల్లవారుజాము ముహూర్తం. మీద వీడియోవాడి లైట్లు, పక్కన హోమం పొగ. రంగు కనబడాలి, నిలబడాలి. అక్కడ మేక వెంట్రుకే మేలు. దానికి పట్టు ఉంది, పొడిని ఎత్తి, దించి, కలుపుతుంది. మేకలోనూ రకాలున్నాయి. సైకోహో అనే మేలు రకం ఉడుతకి దగ్గరి మెత్తదనంతో పాటు మేక పట్టు కూడా చూపిస్తుంది. సోకోహో దానికన్నా కాస్త ముతక, కాస్త చవక. బ్లష్‌కీ, కాంపాక్ట్‌కీ సోకోహో సరిపోతుందని నా అభిప్రాయం. ఉడుత బ్రష్షు ఒక్కటుంటే చాలు, అదీ చివరగా కొనాలి.

గుర్రం వెంట్రుక గట్టిది, చవకది, కంటి రంగులకి పనికొస్తుంది. కొలిన్‌స్కీ అని ఒక రకం వీజిల్ తోక వెంట్రుక ఉంది. నున్నగా ఉండి ఎంత వంచినా తిరిగి నిలబడుతుంది. కనురెప్ప అంచున సన్నటి పనికి దానికి సాటి లేదు. కనుబొమ్మలకు మాత్రం గట్టి వెంట్రుకే కావాలి, అక్కడ మెత్తదనం అడిగితే గీత నిలవదు.

4. తడికి సింథటిక్.

ఫౌండేషన్, కన్సీలర్, క్రీమ్ బ్లష్, జెల్ లైనర్ లాంటి వాటికి ఖరీదైన జంతు వెంట్రుక వాడితే డబ్బూ పాడు, బ్రష్షూ పాడు. వెంట్రుక తడిని పీలుస్తుంది, నూనె పట్టేస్తుంది, అది వదిలించాలని మాటిమాటికీ కడగాల్సి వస్తుంది. సింథటిక్ పోగు పీల్చదు. జపాన్ వాళ్లు కూడా ఈ పనికి సింథటిక్ బ్రష్షులే చేస్తున్నారు, కొస సన్నబడిన పోగులతో చక్కగా. కాటుక నలపడానికి కూడా పొట్టిగా, ఒత్తుగా ఉన్న చిన్న సింథటిక్ బ్రష్షు పెట్టుకో. కాటుక మైనం లాంటిది, ఉడుత వెంట్రుకకి అంటితే ఇక వదలదు.

5. కంటి బ్రష్షు కొనేముందు నీ పెట్టెలోని రంగులు చూసుకో.

కేటలాగు చూస్తే కంటికే పదుల రకాలు కనబడతాయి. హకుహోదో వాళ్లవి అంకెలతోనే గుర్తుంచుకోవాలి, నాకు ఫోన్ నంబర్లే గుర్తుండవు. మొదట మూడు చాలు. రెప్పంతా పరిచే చదునైనది ఒకటి, రెప్ప ముడతలో రంగు కలిపే గుండ్రటిది ఒకటి, కింది రెప్ప అంచుకీ కంటి మూలకీ పెన్సిల్ మొనలా ఉన్న చిన్నది ఒకటి.

వెడల్పు మాత్రం చూసుకోవాలి. రెప్ప వెడల్పులో సగం కన్నా కాస్త ఎక్కువ ఉంటే చేతికి అదుపు ఉంటుంది. కుచ్చు పొడుగ్గా ఉంటే రంగు పల్చగా పరుచుకుంటుంది, పొట్టిగా ఉంటే ఒకచోట గాఢంగా దిగుతుంది. పట్టుచీర అంచు రంగుకి మ్యాచింగ్ కావాలనే పెళ్లికూతురికి గాఢంగానే దిగాలి, కాబట్టి పొట్టి మేక. మెరుపులున్న షాడోకి ఉడుత వాడితే మెరుపంతా చెంప మీద రాలుతుంది. దానికి కొలిన్‌స్కీ గానీ సింథటిక్ గానీ.

6. పిడికి డబ్బు పెట్టకు.

లక్క పూతలు, బంగారు పొడితో వేసిన బొమ్మలు అందమైనవే, కాదనను. అవి ఇంట్లో అద్దం ముందు పెట్టుకునేవాళ్లకి. పిడి పట్టుకుని తొడుగు దగ్గర మెల్లగా ఊపు. కదిలితే వద్దు.

7. వీలుంటే ఒకేచోట పలు కంపెనీలవి పట్టుకుని చూడు.

మనవాళ్లు జపాన్ టూర్లకి బాగానే వెళ్తున్నారు, హిరోషిమా కూడా చూసి వస్తున్నారు. అటు వెళ్లేవాళ్లు దొరికితే చెప్పు. కుమనోలో ఫుదే నో సాతో కోబో అని బ్రష్షుల మ్యూజియం ఉంది. 3.7 మీటర్ల పొడవు, 400 కిలోల బరువున్న కుంచె అక్కడ వేలాడుతూ ఉంటుంది. మనకి కావాల్సింది మాత్రం అక్కడి దుకాణం. ఊళ్లోని వేర్వేరు తయారీదారుల బ్రష్షులు పక్కపక్కనే పెట్టి ఉంటాయి. పక్కపక్కన పెట్టి ముట్టుకుంటేనే సైకోహోకీ సోకోహోకీ తేడా చెంపకి తెలుస్తుంది. ఎంత వర్ణించి చెప్పినా తెలిసేది కాదు.

8. కడగడం తగ్గించు, తుడవడం పెంచు.

వాడిన వెంటనే మెత్తటి గుడ్డ మీద అటూ ఇటూ తిప్పి పొడి దులిపెయ్. సొంతానికి వాడేదైతే ఉడుత బ్రష్షుని రంగు మారినప్పుడో జిడ్డు పట్టినప్పుడో కడిగితే చాలు. పదిమంది ముఖాలకి వాడే మనలాంటివాళ్లకి ఆ సౌకర్యం లేదు, ఒకరికి వాడింది కడగకుండా ఇంకొకరికి పెట్టకూడదు. అందుకే అన్నాను, పనిలో మేకా సింథటిక్కే దిక్కు అని. ఉడుత ఈ కడుగుడుకి తట్టుకోదు.

గోరువెచ్చని నీళ్లలో కాస్త మైల్డ్ షాంపూ కలిపి, కుచ్చు కొనల్ని మాత్రం ముంచి ఆడించు. తొడుగు లోపలికి నీళ్లు పోతే జిగురు ఊడుతుంది. పిండి, వేళ్లతో ఆకారం సర్ది, బల్ల అంచున కుచ్చు గాలిలో ఉండేలా పడుకోబెట్టు. ఎండలో పెట్టకు, హెయిర్ డ్రయ్యర్ పెట్టకు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో వర్షాకాలం పూర్తిగా ఆరడానికి రెండు రోజులు పట్టినా ఆశ్చర్యం లేదు. తడిగానే డబ్బాలో మూస్తే బూజు ఖాయం. ఏళ్ల తరబడి పెట్టెలో దాచినా ప్రమాదమే. పట్టుచీరని కొరికే పురుగు వెంట్రుకనీ కొరుకుతుంది.

9. ఏ జంతువుదో అడగడానికి మొహమాటపడకు.

కొందరు పెళ్లికూతుళ్లు జంతువు వెంట్రుక ముఖానికి తగలకూడదంటారు. ఆ మాట ముందే అడిగి తెలుసుకుని, వాళ్ల కోసం సింథటిక్ సెట్టు విడిగా ఉంచు. వాదించకు.

చట్టం సంగతి వేరే ఉంది. మన దేశంలో ముంగిస వెంట్రుకతో కుంచెలు చేయడం, అమ్మడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. అయినా సంతల్లో, దుకాణాల్లో పేరు చెప్పకుండా అంటగడుతుంటారు. మొదలూ కొసా ముదురు రంగులో, మధ్యలో లేత పట్టీ ఉన్న గట్టి వెంట్రుక కనబడితే అనుమానించు, తీసుకోకు. ఇక కొలిన్‌స్కీ జంతువుని సైటీస్ అనే అంతర్జాతీయ వన్యప్రాణి వ్యాపార ఒప్పందం మూడో అనుబంధంలో చేర్పించింది మన దేశమే. అందువల్ల అలాంటి బ్రష్షు దేశాలు దాటేటప్పుడు కాగితాలు అడగవచ్చు. బయటి నుంచి తెప్పించేముందు అమ్మేవాణ్ణి కనుక్కో.

10. సెట్టు కొనకు, ఒక్కొక్కటే కొను.

సెట్టులో సగం బ్రష్షులు నీ చేతికి ఎప్పుడూ రావు. మొదట బ్లష్‌కి మధ్యరకం మేక బ్రష్షు, దాంతో పాటు కంటికి చదునైన పొట్టి మేక బ్రష్షు తీసుకో. ఒక పెళ్లి సీజనంతా వాటితో పనిచెయ్. అప్పుడు ఇంకేం లోటో నీ చేతికే తెలుస్తుంది. పెద్ద పౌడర్ బ్రష్షు తర్వాత. ఉడుత ఆఖరికి. ముఖానికి వాడే పెద్ద ఉడుత బ్రష్షు ఒక్కటే పది వేల యెన్‌లు దాటడం మామూలే, పైన పోస్టు ఖర్చూ కస్టమ్స్ సుంకమూ ఉంటాయి. ఆ లెక్కంతా రూపాయల్లో వేసుకుని, అదే డబ్బుకి మేకవి ఎన్ని వస్తాయో చూసుకుని అప్పుడు ఆర్డర్ పెట్టు.