పళ్లెంలో తోట: ఏ మొక్కలు నాటాలి?

తమ్ముళ్లారా! పగిలిన బేసినులోనూ బుల్లితోట పెంచవచ్చు. అడుగున రంధ్రం చేసి, ఎర్రమట్టిలో సగం ఇసుక కలపండి. నీటి అవసరం ఒకేలా ఉన్న మొక్కలనే కలిపి నాటాలి. కలబంద పిలక, రణపాల, గడ్డిగులాబి ఒకచోట బ్రతుకుతాయి. తులసిని వాటి పక్కన పెట్టకండి. నీళ్లు తగ్గితే అది ఎండుతుంది, ఎక్కువైతే కలబంద కుళ్లుతుంది. రణపాలను కొననక్కరలేదు, ఒక్క ఆకు అడిగి తెచ్చి తడిమట్టిపై పెడితే అంచుల నుండి పిల్లమొక్కలు వస్తాయి!

అయితే మన బొల్లారంలో ముందుగా చూడవలసింది నీరు. పటాన్‌చెరు, బొల్లారం ఫ్యాక్టరీల వ్యర్థజలాల కాలుష్యం 1990లోనే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆకుకూరలు నీటిలోని భారలోహాలను పీల్చుకుంటాయి, లోపలికి చేరినవి కడిగినా పోవు. కనుక ఇక్కడి బోరునీటితో కొత్తిమీర, పాలకూర పెంచవద్దు. పూలమొక్కలకైనా, వంటమనిషిని అడిగి, నల్లానీటితో బియ్యం కడిగిన నీళ్లు తెచ్చి పోయండి.