కంచే చేను మేస్తే...

ఉద్దేశం: పేగులలోని సూక్ష్మజీవులకూ, మొదటి రకం మధుమేహానికీ గల సంబంధాన్ని తెలుసుకోవడం.

"కంచే చేను మేస్తే కాపాడేదెవరు?" అని సామెత. పశువులు పడకుండా రైతు చేనుకు కంచె వేస్తాడు. ఆ కంచే పైరును మేస్తే అతనికి దిక్కేముంది? మన శరీరంలో కూడా ఒక్కొక్కప్పుడు ఇలాగే జరుగుతుంది.

జీర్ణాశయం వెనుక క్లోమం అనే గ్రంథి ఉంది. అందులోని బీటా కణాలు ఇన్సులిన్‌ను తయారుచేస్తాయి. మనం తిన్న అన్నం, రొట్టె గ్లూకోజుగా మారి రక్తంలో చేరుతాయి. ఆ గ్లూకోజు కణాలలోకి పోవడానికి ఇన్సులిన్ తాళంచెవి వంటిది. రోగక్రిములతో పోరాడవలసిన రక్షణ వ్యవస్థ పొరబడి బీటా కణాలనే నాశనం చేస్తే ఇన్సులిన్ కరవవుతుంది. అదే మొదటి రకం మధుమేహం. ఇది తరచు చిన్నతనంలోనే బయటపడుతుంది. అతిదాహం, మాటిమాటికీ మూత్రం రావడం, బరువు తగ్గడం దీని లక్షణాలు. ఇది మిఠాయిలు తిన్నందువల్ల రాదు. అంటువ్యాధి కూడా కాదు.

ఒకప్పుడు ఈ జబ్బు వచ్చిన పిల్లలు ఎక్కువకాలం బ్రతికేవారు కారు. 1922 జనవరిలో కెనడాలోని టొరంటో నగరంలో లెనార్డ్ థాంప్సన్ అనే బాలునికి మొదటిసారిగా ఇన్సులిన్ ఇచ్చారు. అతడు మరో పదమూడేళ్లు జీవించాడు.

మరి, కంచె చేనును ఎందుకు మేసింది? తల్లిదండ్రుల నుండి వచ్చే జన్యువులు కొంత కారణం. కాని అవే సర్వస్వం కావు. ఐరోపా ఖండపు ఉత్తర భాగంలో ఫిన్లాండ్ దేశం ఉంది. ఈ జబ్బు అక్కడి పిల్లలలో చాలా ఎక్కువ. సరిహద్దు దాటితే రష్యాకు చెందిన కరేలియా. ఈ జబ్బుకు సంబంధించిన జన్యువులు రెండు చోట్లా ఇంచుమించు ఒకటే. అయినా కరేలియాలో ఈ జబ్బు సుమారు ఆరోవంతే అని 2005లో వెలువడిన అధ్యయనం తెలిపింది. తేడా ఎక్కడ ఉంది?

శాస్త్రవేత్తల చూపు పేగుల వైపు మళ్లింది. అక్కడ కోటానుకోట్ల బాక్టీరియా నివసిస్తాయి. పసితనంలో అవి రక్షణ వ్యవస్థకు గురువుల వంటివి. శత్రువెవరో, మిత్రుడెవరో గుర్తించడం నేర్పుతాయి. ఫిన్లాండ్, ఎస్తోనియా, కరేలియాలలోని శిశువులను పుట్టినప్పటి నుండి మూడేళ్లపాటు గమనించి, 2016లో ఫలితాలను ప్రకటించారు. మొదటి రెండు దేశాల శిశువులలో బాక్టిరాయిడ్స్ అనే జాతి ఎక్కువగా కనిపించింది. కరేలియా శిశువులలో ఇ. కోలై వంటివి ఎక్కువ. ఇ. కోలై పైపొరలోని ఒక పదార్థం రక్షణ వ్యవస్థను మేల్కొలుపుతుంది. బాక్టిరాయిడ్స్ పైపొరలోని పదార్థం ఆ పని చేయదు. మధుమేహం వచ్చే జాతి ఎలుకలకు ఇ. కోలై పదార్థాన్ని ఎక్కించగా వాటిలో జబ్బు తగ్గింది.

అయితే ఎలుకలలో కనిపించినది మనుషులలోనూ జరుగుతుందని చెప్పలేం. 2018లో వెలువడిన మరొక అధ్యయనంలో అమెరికా, ఐరోపాలకు చెందిన 783 మంది పిల్లలను పరిశీలించారు. ఈ జబ్బుకు ఫలానా బాక్టీరియాయే కారణమని అందులో తేలలేదు. శాస్త్రం ఇలా ఒక్కొక్క అడుగు వేస్తూ పోతుంది.

కాబట్టి, పెరుగు తింటే ఈ జబ్బు పోతుందనీ, ఇన్సులిన్ మానవచ్చనీ ఎవరైనా చెబితే నమ్మరాదు. ఇన్సులిన్ మానితే ప్రాణాపాయం. మీ తరగతిలో ఇన్సులిన్ తీసుకొనే మిత్రుడు ఉంటే అతణ్ణి వింతగా చూడకండి. ఆ జబ్బు అతని తప్పు కాదు. ఆటలలో, చదువులో అతణ్ణి కలుపుకొనిపోండి.

అభ్యాసం

1. పాఠం పేరుగా ఉన్న సామెత ఈ జబ్బుకు ఎలా సరిపోతుంది?
2. ఫిన్లాండ్, కరేలియా పిల్లలను పోల్చి చూడవలసిన అవసరం ఎందుకు కలిగింది?
3. బాక్టీరియాను గురువులతో పోల్చడం సమంజసమేనా? మీ మాటల్లో రాయండి.
4. విడదీసి, సంధి పేరు రాయండి: ప్రాణాపాయం, జీర్ణాశయం.
5. మధుమేహాన్ని మీ ఇంట్లో ఏమంటారు? మీ ఊరిలో వినిపించే మరొక భాషలో ఏమంటారు? తెలుసుకొని రాయండి.