కష్టకాలంలో కవిత్వం ఎందుకు?

ప్రశ్న: ఆరు నెలలుగా ఇంట్లో వరుస కష్టాలు. వార్తలు చూస్తే ఇంకా గుబులు. ఇలాంటప్పుడు కథలూ కవిత్వమూ చదివితే ఏమైనా ఒరుగుతుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, పుస్తకంతో అప్పు తీరదు, జబ్బు నయం కాదు. అది ముందే చెప్పాలి. కానీ పేరు పెట్టలేని కష్టం మనిషిని లోలోపల తినేస్తుంది. ఆ పేరు వెతికిపెట్టడంలో సాహిత్యం అక్కరకొస్తుంది.

1941లో వచ్చిన జాషువా కావ్యం ‘గబ్బిలం’ చూడండి. అంటరానివాడని గుడిలోకి రానివ్వని మనిషి తన గోడు శివుడికి చేర్చమని గబ్బిలాన్ని వేడుకుంటాడు. కాళిదాసు కావ్యంలో యక్షుడికి సందేశం మోయడానికి మేఘం దొరికింది. ఇతనికి దొరికింది అందరూ అపశకునమని తరిమే ప్రాణి. అది గుడిలో తలకిందులుగా వేలాడగలదు, అతను మాత్రం గడప దాటలేడు. అన్యాయమంతా ఆ ఒక్క ఎంపికలోనే ఉంది. ఎన్నిసార్లు చదివినా అక్కడ నాకు గొంతు పూడుకుపోతుంది.

మీ కష్టానికీ అలా పేరు దొరకాలంటే, మీరూ రాత్రిళ్లు నాలుగు వాక్యాలు రాయండి. ‘అంతా అయిపోయింది’ అని కాదు. ‘10వ తేదీలోగా ఫీజు కట్టాలి, ఇంకా 8 వేలు తక్కువ’ అని. మొదటి వాక్యంతో ఏమీ చేయలేం. రెండోది పట్టుకుని అన్నయ్యనైనా అడగొచ్చు. నిద్ర, తిండి బొత్తిగా పోతే మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించుకోండి.