పాత గోడకు కొత్త పూత: మనూర్ వైపు ఇళ్లకు కొన్ని చిట్కాలు

మనూర్, నారాయణఖేడ్ చుట్టుపక్కల పాత ఇళ్లలో చాలా వాటికి గోడలు రాయీ మట్టీ కలిపి కట్టినవే. మందం మూరెడు దాటుతుంది. రాళ్ల మధ్య సిమెంటు కాదు, మెత్తిన మట్టి ఉంటుంది. బయట ఎప్పుడో పూసిన మట్టో సున్నమో, దాని మీద తర్వాతి తరం వేయించిన సిమెంటు గిలాబో కనిపిస్తుంది. పెచ్చులు లేవగానే ఇంట్లో వినిపించే మాట ఒకటే: "మొత్తం కొట్టేసి సిమెంటు వేయిద్దాం." అమెరికాలో ఉన్న పిల్లలది ఇంకో మాట. అక్కడ చాలా ఇళ్లు కట్టె చట్రం మీద నిలబడతాయి. వాటిలో కొన్నిటికి బయట ప్లాస్టిక్ పలకలు తొడుగుతారు, పాతబడితే విప్పి కొత్తవి బిగిస్తారు. ఫోన్లో అవి చూపించి ఇక్కడా పెట్టిద్దామంటారు. మన పాత గోడకు విప్పి మార్చే తొడుగు లేదు. పూత కూడా గోడే. గోడకన్నా పూత మెత్తగా ఉండాలి, అరిగిపోయేది పూతే కావాలి. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే కింద చెప్పినవన్నీ దాని వెంటే వస్తాయి.

1. సుతారిని పిలవకముందు ఒక ముసురు రోజు గొడుగు పట్టుకుని ఇంటి చుట్టూ తిరగండి. నీళ్లు గోడకు ఎక్కడి నుంచి వస్తున్నాయో అప్పుడే తెలుస్తుంది. చూరు నుంచి కారినవి నేల మీద పడి చిందుతున్నాయా, పగిలిన పెంకు కింద నుంచి గోడ నెత్తిన దిగుతున్నాయా, నల్లా దగ్గర బిందె కడిగిన నీళ్లు గోడ మొదట్లోనే ఇంకుతున్నాయా చూడండి. మిషన్ భగీరథ వచ్చాక వాకిట్లోనే నల్లా ఉంది, మంచిదే. కానీ దాని నీళ్లు పోయే దారి గోడకు దూరంగా తిప్పకుండా ఎంత మంచి పూత వేసినా దండగ.

2. గోడను వేలి కణుపులతో తట్టండి. గట్టి చప్పుడు వచ్చిన చోటు వదిలేయండి. డొల్లగా మోగిన చోట సుద్దముక్కతో గీత గీయండి. పూర్తయ్యాక దూరం నుంచి చూస్తే చెడింది గోడంతా కాదని చాలాసార్లు తెలుస్తుంది. చెడిన మేరకే కొట్టించండి. సిమెంటు గిలాబు గట్టిగా అంటుకుని ఉంటే పంతానికి దాన్ని పీకకండి, దాంతోపాటు లోపలి మట్టీ రాలుతుంది. నేల నుంచి రెండడుగుల ఎత్తు వరకు మాత్రం తీయించి, ఆ మేర మట్టితోనో సున్నంతోనో పూయించండి. నేలలోంచి ఎక్కే చెమ్మ బయటికి పోవడానికి ఆ దారి చాలా వరకు సరిపోతుంది.

3. పగుళ్లన్నీ ఒకటి కావు. పూత మీద సన్నగా అల్లుకున్న గీతలు పూత తొందరగా ఆరినందువల్ల వచ్చినవి, వాటితో భయం లేదు. కిటికీ మూల నుంచి ఏటవాలుగా, మెట్లు మెట్లుగా పోయే పగులు చాలావరకు పునాది నుంచి వచ్చిందే. మన వైపు నల్లరేగడి నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుని నెర్రెలిస్తుంది. దాని మీద ఉన్న గోడ కూడా ఏటా అంతో ఇంతో కదులుతుంది. పగులు రెండు కొసల దగ్గరా పెన్సిలుతో గీత గీసి, పక్కన తేదీ రాయండి. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం చూడండి. గీత దాటి పాకితే పూత పని ఆపి, ముందు పునాది దగ్గర నీళ్లు నిలవకుండా చేయాలి. వెడల్పు పెరుగుతున్నా, గోడ బయటికి ఉబ్బినా ఇంజనీరుకు చూపించాల్సిందే.

4. రోడ్డు ఎత్తు కొలవండి. ఊళ్లలో సీసీ రోడ్డు వేసిన ప్రతిసారీ వీధి కాస్త పైకి లేస్తుంది, ఇల్లు అక్కడే ఉంటుంది. ఒకప్పుడు రెండు మెట్లెక్కి వెళ్లిన అరుగు ఇప్పుడు రోడ్డుకు సమానంగా ఉందంటే గోడ పాదం మట్టిలో కూరుకుపోయిందని అర్థం. గోడను ఆనుకుని కాంక్రీటు పోయించడం చాలామంది చేసే పని. కింద ఇరుక్కున్న తేమకు అప్పుడు గోడ ఎక్కడం తప్ప వేరే దారి ఉండదు. దానికి బదులు గోడ వెంట జానెడు వెడల్పున కాలువ తీసి కంకర నింపండి. కాలువ పునాది అడుగుకన్నా లోతుకు పోకూడదు. పల్లం వైపు వాలు తప్పనిసరి.

5. తెల్లటి ఉప్పు తేలిన చోట నీళ్లతో కడగకండి. ఉప్పు కరిగి మళ్లీ లోపలికే పోతుంది. ఎండిన రోజు మెత్తని బ్రష్షుతో రాల్చి, రాలింది చేటలోకి ఎత్తి దూరంగా పారేయండి. అది గోడ మొదట్లోనే పడితే వానకు మళ్లీ గోడలోకి ఎక్కుతుంది.

6. పాత గోడ బయటి వైపు టైల్స్ అంటించవద్దు. చూడటానికి ముచ్చటగా ఉంటాయి, తుడుచుకోవడం సులువు, ఒప్పుకుంటాను. కానీ మూడడుగుల ఎత్తు టైల్స్ వేస్తే చెమ్మ నాలుగో అడుగులో బయటపడుతుంది. పీవీసీ పలకలదీ అదే వరస. పైగా వాటి వెనక చెదలు చేరితే వాసాల దాకా ఎక్కేవరకు కంటికి కనిపించవు.

7. మట్టి పూతకు మట్టిని పరీక్షించి తీసుకోండి. గాజుసీసాలో మూడో వంతు మట్టి, మిగతా నీళ్లు, చిటికెడు ఉప్పు వేసి బాగా ఊపి రాత్రంతా కదపకుండా ఉంచండి. అడుగున ఇసుక, దాని మీద ఒండ్రు, పైన బంకమన్ను పొరలుగా కూర్చుంటాయి. బంకమన్ను నాలుగో వంతు దగ్గర ఉంటే పూతకు పనికొస్తుంది. నల్లరేగడిలో అది చాలా ఎక్కువ, ఒక్కదాన్నే పూస్తే ఆరగానే నెర్రెలిస్తుంది. ఎర్రమట్టి దొరికితే మేలు. దొరక్కపోతే నల్లమట్టిలో ఇసుక ఎక్కువ కలపాల్సి ఉంటుంది. ఎంతన్నది లెక్కకన్నా గోడే బాగా చెబుతుంది: అడుగు చదరంగా మూడు నాలుగు పాళ్లలో పూసి ఆరనిచ్చి, పగలనిది ఎంచుకోండి. తరిగిన గడ్డి, పేడ కలిపి తొక్కి, వారం రోజులు తడి ఆరకుండా మాగబెడితే జిగురు పట్టి గోడకు అతుక్కుంటుంది. అదే రోజు కలిపి అదే రోజు పూసేస్తే అంత పట్టు రాదు.

8. రాతి గోడకు డంగు సున్నం. దీనికి కాస్త ఓపిక కావాలి, ఫలితం కూడా అంతే ఉంటుంది. కాల్చిన సున్నపు రాళ్లు కొనండి. చాలాకాలం గాలి తగిలిన పొడి సున్నం మళ్లీ సుద్దగా మారిపోయి ఉంటుంది, దానికి పట్టు ఉండదు. రాళ్లను నీళ్లలో వేయాలి, రాళ్ల మీద నీళ్లు పోయకూడదు. కుతకుత ఉడికి చిమ్ముతుంది, కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది. కళ్లద్దాలు పెట్టుకోండి, పిల్లలను దూరంగా ఉంచండి. ఉడికిన సున్నాన్ని పైన నీళ్లు నిలిచేలా కనీసం రెండు మూడు వారాలు నానబెట్టండి, నెల ఉంచితే ఇంకా మంచిది. తర్వాత సున్నం ఒక పాలు, కడిగిన ఇసుక మూడు పాళ్లు. చెమ్మ తగిలే కింది భాగానికి ఇసుకలో కొంత తగ్గించి మెత్తగా దంచిన ఇటుక పొడి కలపండి, తడిలోనూ గట్టిపడుతుంది. పాతకాలంలో గానుగలో నూరి బెల్లం నీళ్లు, కరక్కాయ కషాయం పోసేవారు. అవి దొరకలేదని పని ఆపనక్కర్లేదు. నానిన సున్నం, మంచి ఇసుక, బాగా నూరడం, ఈ మూడే అసలు.

"పట్టు కోసం గుప్పెడు సిమెంటు వేద్దాం" అని సుతారి అంటే మర్యాదగా వద్దనండి. హైదరాబాదులో కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర 2013 నుంచి ఆగాఖాన్ ట్రస్టు వాళ్లు మరమ్మతులు చేసినప్పుడు, గత శతాబ్దంలో వేసిన సిమెంటు అతుకులు తీసేసి సున్నంతోనే తిరిగి పూయించారు. సున్నానికి చావు లేదని కాదు. 2019 మే 1న చార్మినార్ మినారు నుంచే సున్నపు పెచ్చు ఊడి కింద పడింది. అయితే సున్నం ఊడితే మళ్లీ పూసుకోవచ్చు. సిమెంటు ఊడేటప్పుడు గోడను కూడా కొంత పట్టుకుపోతుంది.

9. పచ్చి మట్టి గోడ మీద నేరుగా మందంగా సున్నపు గిలాబు వేయవద్దు, పట్టు చాలక పలకలుగా లేస్తుంది. మట్టితోనే పూసి, దాని మీద పలచటి సున్నం వెల్ల వేయండి.

10. ఎప్పుడు చేయించాలి? సున్నం పని కార్తీకం నుంచి శివరాత్రి లోపు. నిదానంగా ఆరితేనే సున్నం గట్టిపడుతుంది, ఏప్రిల్ ఎండకు పైపైన ఆరి లోపల పొడిగా మిగిలిపోతుంది. పూసేముందు గోడను బాగా తడపండి. ఒక్కో పొర వేలి మందం దాటకూడదు. పూశాక పది రోజులైనా తడి గోనె సంచులు కప్పి ఉంచండి. మట్టి పూతకు ఎండాకాలం పనికొస్తుంది, కానీ మృగశిరకు ముందే పూర్తిగా ఆరిపోవాలి.

11. డబ్బు ఒక్క గోడకే సరిపోతే పడమటి గోడకు పెట్టండి. నైరుతి గాలి వానజల్లు ఎక్కువగా కొట్టేది ఆ వైపే. చూరును అడుగు ముందుకు సాగదీయడం కుదిరితే పూతకన్నా అదే ముందు చేయించండి. కుదరని చోట కందికట్టెతో తడిక అల్లి, గోడకు జానెడు ఎడంగా ఆనించి నిలబెట్టండి. జల్లు తడికకు తగిలి కిందికి జారుతుంది, వెనక గాలి ఆడుతుంది. దీపావళి దాటాక తీసి పొయ్యిలో పెట్టుకోవచ్చు.

12. కొందరు పడమటి గోడకు పాత సిమెంటు రేకులు కొట్టేస్తారు. వాటిలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. రంపంతో కోసినా, సుత్తితో పగలగొట్టినా లేచే దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి ఏళ్ల తర్వాత జబ్బు చేస్తుంది. ఉన్నవి పగలకుండా ఉంటే ముట్టుకోకండి. తీయక తప్పదంటే నీళ్లతో తడిపి, మాస్కు కట్టుకుని, పగలగొట్టకుండా మేకులు విప్పి దించండి. ఆ ముక్కలు వాకిట్లో పిల్లలు ఆడుకునే చోట పరచకండి.

13. గోడలో రావి మొక్క మొలిస్తే బలంగా గుంజవద్దు, వేరుతో పాటు రాయి కూడా కదులుతుంది. మొదలంటా కోసి, చిగురు వేసినప్పుడల్లా మళ్లీ కోయండి. వేరు చచ్చి ఎండాక ఆ సందును సున్నంతో పూడ్చండి.

14. రంగు విషయంలో వానకు ఆగుతాయని అమ్మే ప్లాస్టిక్ రంగులు పాత గోడకు వద్దు. బయటి తడిని ఆపే పొరే లోపలి తడినీ ఆపుతుంది. కొంతకాలానికి బుడగలు లేచి ఊడిపోతుంది. సున్నం పలచగా మూడు నాలుగు పూతలు వేయండి. తుమ్మబంక నానబెట్టిన నీళ్లు కాసిన్ని కలిపితే బట్టలకు అంటదు. చిటికెడు నీలిమందు తెలుపును పైకి తెస్తుంది. అడుగున జాజు పట్టీ అలవాటు ఉంటే వదలకండి. చిందిన బురద మరకలు అందులో కలిసిపోతాయి, ఏటా ఆ పట్టీ వరకే మళ్లీ పూసుకుంటే చాలు.

15. మిగిలిన సున్నాన్ని ప్లాస్టిక్ డ్రమ్ములో వేసి, పైన బెత్తెడు నీళ్లు నిలిపి మూత పెట్టండి. నీళ్లు ఇంకనివ్వకుండా అప్పుడప్పుడు నింపుతూ ఉంటే ఏళ్లయినా చెడదు, నానిన కొద్దీ వెన్నలా అవుతుంది. వచ్చే ఏడు పడమటి గోడకు అతుకులు వేయడానికి అదే వాడుకోండి.