దైవ న్యాయవిచారణయు మారుమనస్సును

ఈశ్వరుడు న్యాయస్వరూపుడనియు దయాస్వరూపుడనియు అనేక మతములవారు నొప్పుకొందురు. అయినను ఈ రెండు గుణములు ఒక్కచో నెట్లు నిలుచునని అడిగినచో సమాధానము సులభము కాదు. న్యాయమే నిలిచినయెడల పాపికి గతి లేదు. దయయే నిలిచినయెడల పీడితునికి దిక్కు లేదు. ఈ చిక్కును క్రైస్తవమతము ఏ రీతిని విప్పుచున్నదో, నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతముల చరిత్రకు ఆ బోధతో నెట్టి సంబంధము కలదో ఈ పాఠమందు విచారింప నుద్దేశించితిమి. చదువరులు ఏ మతస్థులైనను పక్షపాతము విడిచి మా విన్నపమును ఆలకింతురుగాక.

1. విచారణ యందు అడుగబడు ప్రశ్న

క్రీస్తు సజీవులకును మృతులకును తీర్పు తీర్చ వచ్చునని క్రైస్తవుల విశ్వాసప్రమాణము చెప్పుచున్నది. ఈ మాట విన్నతోడనే సామాన్యజనులు అగ్నిగుండములను, కొరడాలను, చిత్రగుప్తుని చిట్టాను తలంచుకొని భయపడుదురు. భయము తప్పుగాదు, కాని భయమొక్కటే ఈ బోధయొక్క సారము కాదు. మత్తయి సువార్త యిరువదియైదవ అధ్యాయమున వర్ణింపబడిన విచారణను పరికింపుడు. అచ్చట న్యాయాధిపతి, నీ కులమేది, నీ వెన్ని పూజలు సల్పితివి అని యడుగడు. ఆకలిగొన్నవానికి అన్నమిడితివా, దప్పిగొన్నవానికి నీరిచ్చితివా, పరదేశిని చేర్చుకొంటివా, రోగిని, ఖైదీని చూడబోతివా యని మాత్రమే యడుగును.

ఇందు గమనింపదగినవి రెండు సంగతులు గలవు. శిక్షింపబడినవారిమీద హత్యగాని దొంగతనముగాని మోపబడలేదు. చేయవలసిన మేలు చేయకపోవుటయే వారి నేరము. మఱియు న్యాయాధిపతి యెక్కడనో సింహాసనముమీద కూర్చుండి చూచుచుండలేదు. ఆ యాకలిగొన్నవానియందే తా నుంటినని చెప్పును. కావున విచారణ కడపటి దినమున నొక్కసారి జరుగునదియే గాదు. మన గడపయొద్ద చేయి చాచి నిలిచిన ప్రతి దీనుని యెదుట మనము నేడే విచారింపబడుచున్నాము.

2. తాపమును మారుమనస్సును

పశ్చాత్తాపమనగా పిమ్మట కలుగు తాపము. చేసినదానికి వగచుట దీని యర్థము. తెలుగు బైబిలునందు ఈ మాటతోపాటు మారుమనస్సు అను మఱియొక మాట గలదు. గ్రీకుభాషయందలి మూలపదము మనస్సుయొక్క మార్పునే తెలుపును. హెబ్రీభాషలో ప్రవక్తలు వాడిన పదమునకు తిరిగివచ్చుట యని యర్థము. దారి తప్పినవాడు చెట్టుక్రింద కూర్చుండి యేడ్చినంతమాత్రమున ఊరు చేరడు. లేచి వెనుకకు తిరిగి నడువవలెను.

ఈ భేదమును సువార్తలయందలి ఇద్దరు శిష్యులు స్పష్టము చేయుచున్నారు. గురువును పట్టియిచ్చిన యూదాయు వగచెను, గురువు నెఱుగనని బొంకిన పేతురును వగచెను. యూదా తన తాపములోనే మునిగి ప్రాణము తీసికొనెను. పేతురు ఏడ్చి, తిరిగివచ్చి, తక్కిన జీవితమును సేవకు ధారపోసెను. ఇద్దరి కన్నీరును ఒక్కటియే, దారులు వేఱు. సుంకరియైన జక్కయ్య కథ దీనికి పూరణము. అతడు ఏడ్చినట్లు వ్రాయబడలేదు. తన యాస్తిలో సగము బీదల కిచ్చుటకును, అన్యాయముగా తీసికొన్నదానికి నాలుగంతలు మరల చెల్లించుటకును అతడు సిద్ధపడెను. మారుమనస్సునకు లెక్క, కొలత గలవని అతడు చూపెను.

1517వ సంవత్సరమున జర్మనీదేశమందు మార్టిన్ లూథరు పాపపరిహార పత్రముల విక్రయమును ఖండించుచు వ్రాసిన తొంబదియైదు వాదములలో మొదటిదియే, విశ్వాసి జీవితమంతయు మారుమనస్సుగా నుండవలెనని బోధించినది. రొక్కమిచ్చి కొనదగినది మారుమనస్సు కాదని యతని వాదము. రొక్కమిచ్చి పాపము కడుగుకొన జూచువారు ఏ మతమందు లేరు? ఏ దేశమందు లేరు?

3. గట్టురాయి

1701లో లండనునందు స్థాపింపబడిన ఎస్.పి.జి. యను సువార్త సంఘమువారు పందొమ్మిదవ శతాబ్దమున ఆళ్లగడ్డ ప్రాంతమందలి ముత్యాలపాడునందును, నంద్యాలయందును కేంద్రము లేర్పఱచుకొని పనిచేసిరి. వారు వెంట తెచ్చినది ఆంగ్లేయ సంఘపు ప్రార్థనాగ్రంథము. 1662 నాటి ఆ గ్రంథమందు, నలువదిదినముల ఉపవాసకాలమునకు మొదటిదగు భస్మ బుధవారమున చదువదగిన యొక క్రమము గలదు. దానియందు మోషే ధర్మశాస్త్రమును బట్టి కొన్ని పాపములు పేరుపేరున చదువబడును. ప్రతిదానికిని సంఘమంతయు ఆమేన్ అని పలుకవలెను. పొరుగువాని పొలిమేరరాయి జరిపినవాడు, పరదేశికిని అనాథకును విధవకును న్యాయము తప్పించినవాడు, చాటున పొరుగువానిని కొట్టినవాడు, నిరపరాధిని చంపుటకు లంచము పుచ్చుకొన్నవాడు శాపగ్రస్తులని అందు గలదు.

చదువరులారా, ఇవి యెక్కడివో దూరదేశపు పాపములని తలంపకుడు. కుందేటి గట్టున, కర్నూలు-కడప కాలువక్రింద సేద్యము చేయు రైతు గట్టురాయి జరుపుట యన నేమో యెఱుగడా? రాత్రివేళ తూము తెఱచి పొరుగువాని వంతు నీరు మళ్లించుట యన నేమో యెఱుగడా? అట్లు మళ్లించినవాడు గుడికి పోయి కొబ్బరికాయ కొట్టినను, చర్చికి పోయి మోకరించినను, ఎండిన పొరుగు చేను పచ్చనగునా? నీరు తిరిగి యియ్యవలెను; పంట పోయినచో దాని వెల చెల్లింపవలెను. ఆ పిమ్మట చేయు ప్రార్థన చెల్లును.

4. పగ తీర్చుకొను హక్కు

ఈ సీమ గ్రామములను కక్షలు తరములతరబడి కాల్చినవి. తండ్రిని చంపినవాని కొడుకును చంపుట పౌరుషమనియు, ఊరకుండుట పిఱికితనమనియు ఎంచినవారు గలరు. దైవ న్యాయవిచారణను గూర్చిన బోధ ఇచ్చట మిక్కిలి యక్కఱకు వచ్చును. పగ తీర్చుట దేవుని పని గాని మనుష్యుని పని కాదని పౌలు రోమీయులకు వ్రాసెను. న్యాయాధిపతి యొకడు గలడని నమ్మినవాడు కత్తి క్రింద పెట్టగలడు. అట్టివాడు లేడని తలంచువాడు తానే న్యాయాధిపతియు తలారియు నగును.

ఆళ్లగడ్డకు సమీపముననే అహోబిలము గలదు. నరసింహుడు హిరణ్యకశిపుని చీల్చిన తావిదియే యని భక్తులు నమ్ముదురు. చాలమంది ఆ కథను గోళ్లతో ముగింతురు. భాగవతమందు కథ యచ్చట ముగియలేదు. తన్ను హింసించిన తండ్రి పాపములనుండి శుద్ధుడు కావలెనని ప్రహ్లాదుడు స్వామిని వేడుకొనెను. తీర్పు ముగిసిన పిమ్మట పీడితుడు తండ్రికొఱకు కోరిన వరము క్షమాపణయే. క్రీస్తు సిలువమీదనుండి తన్ను చంపువారికొఱకు ప్రార్థించిన సంగతిని దీని ప్రక్కన నుంచి చూడుడు. మతములు వేఱైనను ధర్మము ఒక్కచోట కలిసికొనుచున్నది.

5. ఎవరు మారుమనస్సు పొందవలెను?

1876 మొదలు 1878 వఱకు వచ్చిన మహాక్షామమందు కర్నూలు, కడప, బళ్లారి మండలములు ఘోరముగా పీడింపబడెను. ఆ దినములయందును, అటుపిమ్మటను తెలుగు జిల్లాలలో వేలకొలది జనులు క్రైస్తవ సంఘములయందు చేరిరి. వారిలో అధికులు మాల, మాదిగ కులములవారు. వీరు అన్నముకొఱకు చేరిరే గాని మారుమనస్సువలన కాదని ఆక్షేపించువారు అప్పుడును గలరు, ఇప్పుడును గలరు.

మే మీ యాక్షేపణను త్రిప్పి యడుగుచున్నాము. ఆకలిగొన్నవానికి అన్నమిడితివా యనునదియే విచారణలోని ప్రశ్న యైనచో, ఆ ప్రశ్నకు ఉత్తరమియ్యవలసినవాడు అన్నము పుచ్చుకొన్నవాడా, పెట్టక తలుపు మూసికొన్నవాడా? ఊరిబావి నీరు ముట్టనియ్యక, వీధిలో నడువనియ్యక, తరములతరబడి సాటిమనుష్యుని దూరముంచినది ఎవరు? చేరినవారు తమ దురభ్యాసములను మానవలెనని బోధకులు చెప్పిరి; అది మంచిదే. కాని వారిని వెలివేసిన సంఘము మారుమనస్సు పొందవలెనని ఎవరు చెప్పిరి? పాపము వ్యక్తికి మాత్రమే కాదు, ఊరికిని కలదు. నీనెవె పట్టణమందు రాజు మొదలుకొని అల్పునివఱకు గోనె కట్టుకొనిరని యోనా గ్రంథము చెప్పుచున్నది. అచ్చట పట్టణమంతయు మనస్సు మార్చుకొనెను గనుకనే పట్టణమంతయు నిలిచెను.

క్రైస్తవ సంఘములును ఈ ప్రశ్న తప్పించుకొనజాలవు. చర్చిలోపల కులభేదము పాటించినవారికి పీఠములు వేఱైనను విచారణ యొక్కటియే. 1947లో దక్షిణ భారత సంఘ మేర్పడినపుడు నంద్యాల ప్రాంతపు ఆంగ్లికనులు అనేకులు అందు చేరక నిలిచి, చాలకాలమునకు పిమ్మట చేరిరి. ఐక్యమునకు పత్రములమీది చేవ్రాళ్లు చాలవనియు, మనస్సులు మారవలెననియు ఆ చరిత్ర తెలుపుచున్నది.

6. రాజా రామమోహనరాయల వాదము

1820లో రామమోహనరాయలు క్రీస్తు నీతిబోధలను ఏర్చి కూర్చి కలకత్తాలో ప్రకటించెను. శ్రీరామపురపు మిషనరీయైన మార్ష్‌మన్ దానిని ఖండించెను. క్రీస్తు మరణమువలని ప్రాయశ్చిత్తము లేక పాపక్షమ లేదని యతని పక్షము. నిష్కపటమైన పశ్చాత్తాపమే దేవుడు కోరు ప్రాయశ్చిత్తమని రాయలవారి పక్షము. ఈ వాదము 1823 వఱకు సాగెను. బ్రాహ్మసమాజము పిమ్మట రాయలవారి పక్షమునే అవలంబించినది.

ఈ వాదమును ఇచ్చట తీర్చుట మా యుద్దేశము కాదు. రెండు పక్షములకును ఒప్పిదమైన దొకటి గలదు. క్షమాపణ పాపికి చౌకగా దొరకునది కాదని మార్ష్‌మన్ పక్షము గట్టిగా చెప్పుచున్నది. ఇతరుడు చెల్లించెనను సాకుతో నీవు మారకుండుట కూడదని రాయలవారి పక్షము గట్టిగా చెప్పుచున్నది. యోగ్యుడైన క్రైస్తవుడు రెండవదానిని త్రోసివేయడు. యోగ్యుడైన బ్రాహ్ముడు మొదటిదానిని తేలికగా నెంచడు. తప్పిపోయిన కుమారుని ఉపమానమందు తండ్రి పరుగెత్తి వచ్చి కౌగిలించుకొనెను, అది దయ. కాని కుమారుడు లేచి దూరదేశము విడిచి నడచి వచ్చెను, అది మారుమనస్సు.

7. చేయవలసినది

కావున సోదరులారా, నేటి రాత్రి మీరు పడకకు పోవుటకు ముందు మూడు ప్రశ్నలు వేసికొనుడు. నావలన నష్టపడినవాడు ఎవడు? అతనికి నేను తిరిగి యియ్యవలసిన దేమి? ఇచ్చుటకు ఆటంక మేమి? ఉత్తరము దొరకినచో తెల్లవాఱినతోడనే ఆ యింటికి పొండు. జరిపిన గట్టురాయి మరల నాటుడు. మాటలాడక యుండిన పొరుగువానితో మాటలాడుడు. దూరముంచినవానిని మీ పంక్తిలో కూర్చుండబెట్టుకొనుడు.

సర్వసాక్షివగు దేవా, నీ తీర్పునకు భయపడుటకంటె నీ దీనులను నొప్పించుటకు మేము ఎక్కువ భయపడునట్లు చేయుము. మా తాపమును కన్నీటితో ముగియనియ్యక, మా కాళ్లను తిరిగి నీ మార్గమున నడిపింపుము.